రాణీగంజ్ గోడౌన్ యాప్: ప్రొప్రైటరీ ఫ్రేమ్‌వర్క్ నుంచి వెబ్ స్టాండర్డ్స్‌కు – ప్రాజెక్టు డైరీ

వారం 1: బయటికి ఏమేం వస్తాయి

పని: సికింద్రాబాద్ రాణీగంజ్‌లో పైపులు, ఫిట్టింగులు అమ్మే హోల్‌సేల్ షాపుకు స్టాకు, ఆర్డర్ల యాప్. కౌంటర్ మీద ఒక విండోస్ పీసీ, 80 మి.మీ. థర్మల్ ప్రింటర్. గోడౌన్ బాలానగర్‌లో, సగం సెల్లార్‌లో. మెట్లు దిగితే సిగ్నల్ ఉండదు. ఆండ్రాయిడ్ ఫోన్లు తొమ్మిది, ఐఫోన్లు రెండు. ఐటమ్స్ 4,200 దాకా ఉన్నాయి.

ఇప్పుడు నడుస్తున్న యాప్‌ను ఒక ప్రొప్రైటరీ ఫ్రేమ్‌వర్క్‌తో (ఒక కంపెనీ సొంతమైన, యాప్‌లు కట్టే సాఫ్ట్‌వేర్‌తో) కట్టారు. స్క్రీన్లన్నీ దాని టూల్‌లోనే గీయాలి. ప్రాజెక్టు మొత్తం దాని బైనరీ ఫైల్లో ఉంటుంది. ఫోన్‌లో దాని రన్‌టైమ్ (యాప్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) ఉంటేనే యాప్ తెరుచుకుంటుంది. మనిషికి ఇంత అని ఏటా లైసెన్సు. కొత్త వెర్షన్‌లో పాత ప్రాజెక్టు ఫైళ్ళు తెరుచుకోవని నోటీసు వచ్చింది. మార్చక తప్పని పరిస్థితి అక్కడి నుంచే మొదలైంది.

ఫీచర్ల పట్టిక జోలికి పోకముందు ఎగ్జిట్ టెస్టు చేశాం. నెట్ లేని లాప్‌టాప్ ఒకటి, పాత యాప్ ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైళ్ళు, మామూలు టెక్స్ట్ ఎడిటర్. వీటితో యాప్‌లో ఎంత భాగాన్ని మళ్ళీ నిలబెట్టగలం? డేటా వస్తుందా, స్క్రీన్లు వస్తాయా, లెక్కల నియమాలు వస్తాయా, పాత బిల్లులు చదవగలమా? టేబుళ్ళు సీఎస్‌వీ ఫైళ్ళుగా (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్‌గా) వచ్చాయి. మిగతా మూడూ రాలేదు.

నియమాలు రాకపోవడమే పెద్ద దెబ్బ. ఎల్బోలు, టీలు పెట్టెల్లో వస్తాయి, విడిగా అమ్ముడుపోతాయి. పెట్టెకు ఎన్ని పీసులన్నది టేబుల్‌లో లేదు, ఎంట్రీ స్క్రీన్ వెనకాల రాసిన స్క్రిప్టులో ఉంది. సీఎస్‌వీలో 12 అని కనిపిస్తే అవి పెట్టెలో పీసులో ఆ స్క్రీనుకే తెలుసు. పైపులదీ అదే కథ: అది 3 మీటర్ల లెంగ్తా, 6 మీటర్ల లెంగ్తా? చివరికి ఒక్కో గ్రూపు నుంచి ఒక ఐటమ్ తీసి, పాత యాప్‌లో ఒక పెట్టె కొట్టి, స్టాకు ఎంత కదిలిందో కాగితం మీద రాసుకుంటూ పోయాం. వారంలో సగం దీనికే పట్టింది. కొత్త డేటాబేస్‌లో యూనిట్ ఒక కాలమ్, పెట్టెకు పీసులు ఇంకో కాలమ్, లెంగ్త్ సైజు మరో కాలమ్. స్టాకు ఎప్పుడూ చిన్న యూనిట్‌లోనే నిలవ ఉంటుంది. ఏ లెక్కా స్క్రీన్ వెనక దాగకూడదు.

వారం 2: ఐటమ్ పేర్లు

సీఎస్‌వీ తెరిస్తే తెలుగు పేర్లున్న చోట బ్రాకెట్లు, కోట్ గుర్తులు, అర్థం లేని ఇంగ్లీష్ అక్షరాలు. కారణం: ఆ పేర్లను యూనికోడ్ (ప్రతి భాష అక్షరానికీ ఒక స్థిర సంఖ్య ఇచ్చే ప్రమాణం) రాకముందు నాటి డీటీపీ (ప్రింటింగు పేజీలు కూర్చే) ఫాంటులో కొట్టి అతికించారు. అలాంటి ఫాంటులో ఇంగ్లీష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ఆకారాల ముక్కలు కూర్చుంటాయి. తలకట్టు ఒక ముక్క, గుడి ఒక ముక్క, వత్తు ఇంకో ముక్క. ఫాంటు ఉన్న పీసీలో అది తెలుగు, లేని చోట పిచ్చిగీతలు. మన దగ్గర పత్రికల వెబ్‌సైట్లే ఒకప్పుడు ఎవరి ఫాంటు వారిదిగా నడిచాయి. వాటిని చదవడానికి పద్మ అనే ఫైర్‌ఫాక్స్ ఎక్స్‌టెన్షన్ వేసుకున్నవాళ్ళకు ఈ సంగతి కొత్త కాదు. ప్రొప్రైటరీ అంటే ఏమిటో తెలుగువాళ్ళకు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ దొరకదు: అక్షరం మనదే, దాన్ని చదివే తాళంచెవి ఇంకొకరిది.

మార్చే పద్ధతి ఇది. ముందుగా ముక్కల పట్టిక: ఏ కోడ్ ఏ ఆకారం. తర్వాత వరస సరిచేయడం. పాత ఫాంట్లలో కంటికి కనిపించే వరసలో కొడతారు, యూనికోడ్‌లో పలికే వరసలో నిలవ చేస్తారు. క్ర రాయాలంటే యూనికోడ్‌లో క, విరామం (పొల్లు గుర్తు), ర. కొన్ని పాత ఫాంట్లలో ర వత్తే ముందొస్తుంది. పట్టికతో నేరుగా మారిస్తే ఆ వత్తు ముందున్న అక్షరానికి వెళ్ళి అతుక్కుంటుంది. అందుకని ఎడమ పక్క కూర్చునే వత్తులను వేరే జాబితాలో పెట్టి, తర్వాతి హల్లు వచ్చేదాకా ఆపి, దాని వెనక దించాలి. మారిన పేర్లలో విరామంతో మొదలయ్యేవి, రెండు గుణింతపు గుర్తులు పక్కపక్కన ఉన్నవి స్క్రిప్టుతో వెతికి పట్టి చేత్తో దిద్దాలి. ఎంత బాగా రాసినా ఈ చేతిపని మిగులుతుంది.

యూనికోడ్‌లోకి వచ్చాక కూడా మూడు చోట్ల జాగ్రత్త అవసరం.

ఒకటి, పొడవు. క్షి కంటికి ఒక అక్షరం, లోపల నాలుగు కోడ్‌లు: క, విరామం, ష, గుడి. ఫారంలో మ్యాక్స్‌లెంగ్త్ ఈ కోడ్‌లనే లెక్కిస్తుంది. 20 అని పెడితే పేరు మధ్యలో తెగి చివర పొల్లు వేలాడుతుంది. యూటీఎఫ్-8లో (యూనికోడ్‌ను బైట్లుగా నిలవ చేసే పద్ధతి) ఒక్కో తెలుగు కోడ్ 3 బైట్లు కాబట్టి బైట్లలో పరిమితి పెట్టిన డేటాబేస్ కాలమ్ ఇంకా ముందే తెగుతుంది. బ్రౌజర్‌లో అక్షరాలు లెక్కించడానికి ఇంటల్ సెగ్మెంటర్ అనే సౌకర్యం ఉంది. యూనికోడ్ 15.1 నియమం వచ్చాక అది క్షిని ఒకటిగా చూస్తుంది, పాత నియమంతో నడిచే బ్రౌజర్ రెండు ముక్కలుగా చూస్తుంది. కనుక దానితో పేరు కత్తిరించవచ్చు గానీ డేటాబేస్ కీ తయారు చేయకూడదు.

రెండు, కనిపించని అక్షరం. "పైప్‌లు" అని సరిగ్గా కనబడాలంటే మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ ఉండాలి. ఒకరు దాంతో కొడతారు, ఇంకొకరు లేకుండా. సెర్చ్‌లో రెండూ కలవవు. ప్రతి పేరుకూ పక్కన ఒక సెర్చ్ కీ ఉంచాం. అందులో జాయినర్లు తీసేస్తాం, ఎన్ఎఫ్‌సీ నార్మలైజ్ చేస్తాం (ఒకే అక్షరాన్ని రెండు రకాలుగా కోడ్ చేసి ఉంటే ఒకే రూపానికి తెస్తాం), చివరి పొల్లును ఉకారంగా మారుస్తాం. వాల్వ్ అన్నా వాల్వు అన్నా ఒకే ఐటమ్ దొరుకుతుంది.

మూడు, వత్తులు తెగడం. లైన్ హైట్ 1.2 పెట్టి, డబ్బా బయటికి పోయేదాన్ని దాచితే కింది వత్తు సగం మాయమవుతుంది. 1.6 పెడితే సరిపోయింది. ఫాంటు మన సర్వర్ నుంచే, తెలుగు రేంజ్ మాత్రమే ఉన్న వాఫ్2 (వెబ్ కోసం కుదించిన ఫాంటు) ఫైలుగా పంపుతున్నాం.

వారం 3: దేన్ని స్టాండర్డ్ అనాలి

ఈ వారమంతా ఎంపిక మీదే: ఏ టెక్నాలజీ మధ్యలో ఆగిపోదు? బ్రౌజర్లలో వీడియోలు, ఆటలు నడిపిన ఫ్లాష్‌ను ఆపేస్తామని 2017లో చెప్పి 2020 డిసెంబర్ 31తో ఆపారు, 2021 జనవరి 12 నుంచి ప్లేయరే ఫైళ్ళను ఆడనివ్వలేదు. అలాంటిదే అయిన సిల్వర్‌లైట్ సపోర్టు 2021 అక్టోబర్ 12తో ముగిసింది. ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉన్నది) అయితే ఈ బాధ తప్పుతుందనుకోవడమూ పొరపాటే. వెబ్ ఫ్రేమ్‌వర్క్ యాంగ్యులర్‌జేఎస్ సపోర్టు 2021 డిసెంబర్ 31తోనూ, మొబైల్ ఫ్రేమ్‌వర్క్ గ్జామరిన్ సపోర్టు 2024 మే 1తోనూ ఆగాయి. సోర్సు చేతిలో ఉంటే మనమే మరమ్మతు చేసుకోవచ్చు, అది పెద్ద మేలే. కానీ ఐదుగురు కూడా లేని టీమ్ ఒక ఫ్రేమ్‌వర్క్ మొత్తాన్ని భుజాన వేసుకోలేదు.

స్టాండర్డ్ అనడానికి మేం పెట్టుకున్న కొలత ఇది. స్పెక్ (అది ఎలా పనిచేయాలో చెప్పే పత్రం) ఎవరైనా చదవగలగాలి. రాయల్టీ కట్టకుండా అమలు చేయగలగాలి. వెబ్ ప్రమాణాలు రూపొందించే డబ్ల్యూ3సీ సంస్థ 2004 నాటి పేటెంట్ విధానం దీనికోసమే. అన్నిటికంటే ముఖ్యంగా, వేర్వేరు చేతుల్లో ఉన్న బ్రౌజర్ ఇంజన్లు దాన్ని అమలు చేసి ఉండాలి: బ్లింక్ (క్రోమ్), వెబ్‌కిట్ (సఫారీ), గెకో (ఫైర్‌ఫాక్స్). మూడింటిలోనూ ఉంటే యాప్ మెయిన్ దారిలో వాడతాం. ఒక్క ఇంజన్‌లోనే ఉంటే అదనపు సౌకర్యంగా మాత్రమే, అది తీసేసినా పని నడవాలి.

ఈ చివరి మాట చాలామంది వదిలేస్తారు. క్రోమ్‌లో పనిచేసిందంటే అది వెబ్ స్టాండర్డ్ అయినట్టు కాదు. ఒక్క బ్రౌజర్‌లోనే బతికే ఏపీఐ (బ్రౌజర్ సౌకర్యాన్ని కోడ్ నుంచి పిలిచే పద్ధతి) మీద గోడౌన్ నడిపితే, పాత ఫ్రేమ్‌వర్క్ పోయి ఇంకో ఫ్రేమ్‌వర్క్ వచ్చినట్టే.

అవసరాలను ఈ కొలతకు పెట్టి చూశాం. ఆఫ్‌లైన్ నిలవకు ఇండెక్స్‌డ్‌డీబీ (బ్రౌజర్‌లోని డేటాబేస్), సర్వీస్ వర్కర్ (నెట్ లేకున్నా పేజీని అందించే స్క్రిప్టు): మూడింటిలోనూ ఉన్నాయి. డైలాగ్ ఎలిమెంట్ 2022 మార్చి నుంచి మూడింటిలో ఉంది, కాబట్టి పాపప్ లైబ్రరీ అక్కర్లేదు. కెమెరా అన్నిట్లో వస్తుంది. కానీ బార్‌కోడ్ డిటెక్టర్ ఆండ్రాయిడ్ క్రోమ్‌లో ఉంది, ఐఫోన్‌లో మామూలుగా దొరకదు. అది ఉంటే వాడి, లేకపోతే వెబ్‌అసెంబ్లీ డీకోడర్ (బ్రౌజర్‌లోనే నడిచి బార్‌కోడ్ చదివే ప్రోగ్రామ్) తెచ్చుకునేలా రాశాం. బ్యాక్‌గ్రౌండ్ సింక్ (యాప్ మూసినా నెట్ రాగానే పంపడం) క్రోమియంలో (క్రోమ్ వంశపు బ్రౌజర్లలో) మాత్రమే, కాబట్టి దాన్ని నమ్మకూడదు. పుష్ నోటిఫికేషన్ ఐఫోన్‌లో ఐఓఎస్ 16.4 నుంచి, అదీ హోమ్ స్క్రీన్ మీద చేర్చిన యాప్‌కే. వెబ్ బ్లూటూత్ ఒక కమ్యూనిటీ గ్రూపు పత్రం, సఫారీలోనూ ఫైర్‌ఫాక్స్‌లోనూ లేదు.

ప్రొప్రైటరీ దారి గెలిచే చోట్లు కూడా రాసి పెట్టుకున్నాం. ఫోన్ జేబులో ఉండగా లొకేషన్ పట్టాలన్నా, పాత రకం క్లాసిక్ బ్లూటూత్ పరికరంతో ఫోన్ నేరుగా మాట్లాడాలన్నా, ఐఫోన్‌లో ఎన్ఎఫ్‌సీ ట్యాగు (దగ్గర పెడితే చదివే చిప్పు) చదవాలన్నా వెబ్ సరిపోదు. ఈ షాపుకు ఆ అవసరాలు లేవు. డెలివరీ ఆటోల ట్రాకింగ్ మెయిన్ పని అయి ఉంటే నిర్ణయం వేరుగా ఉండేది.

తెర వెనక కోడ్‌కు ఒక్కటే నిబంధన: స్టాకు, ధర, పన్ను లెక్కలున్న ఫోల్డర్‌లో సాదా జావాస్క్రిప్ట్ మాడ్యూళ్ళు తప్ప ఇంకేదీ ఇంపోర్ట్ కాకూడదు. బిల్డ్‌లో ఒక చిన్న స్క్రిప్టు ఆ ఫోల్డర్‌ను వెతుకుతుంది, బయటి ప్యాకేజీ పేరు కనబడితే బిల్డ్ ఆపేస్తుంది. స్క్రీన్ల వైపు ఫ్రేమ్‌వర్క్ వాడుకోవచ్చు, నాలుగేళ్ళకు దాన్ని మార్చినా లెక్కలు కదలవు. డబ్బు అంతా పైసల్లో, పూర్ణాంకాలుగా ఉంటుంది.

వారం 4–5: సెల్లార్‌లో ఎంట్రీ

ఎక్కువ తప్పులు ఇక్కడే వచ్చాయి.

నమూనా: ఫోన్‌లో కొట్టిన ప్రతి ఎంట్రీ ముందు ఇండెక్స్‌డ్‌డీబీలోని అవుట్‌బాక్స్‌లో పడుతుంది, సిగ్నల్ దొరికాక సర్వర్‌కు వెళ్తుంది. ఐటమ్‌కు 400 బైట్లు వేసుకున్నా 4,200 ఐటమ్స్ కలిపి 1.7 ఎంబీ లోపే. మొత్తం జాబితా ఫోన్‌లోనే పెట్టుకోవచ్చు, ముక్కలుగా తెచ్చే ఏర్పాటు అవసరం లేదు.

రెండో రోజే గోడౌన్ నుంచి వచ్చిన మాట: "అన్నా, నేను ఒక్కసారే కొట్టిన, రెండుసార్లు పడ్డది సూడు." లాగ్ చూస్తే, ఫోన్ పంపింది, సర్వర్ రాసుకుంది, జవాబు వచ్చేలోపు మనిషి మెట్లు దిగాడు. జవాబు అందలేదు కాబట్టి ఫోన్ మళ్ళీ పంపింది. మందు: ఎంట్రీ పుట్టినప్పుడే ఫోన్‌లో దానికి ఒక యూయూఐడీ (మళ్ళీ రాని గుర్తు సంఖ్య). సర్వర్‌లో ఆ కాలమ్ మీద యూనిక్ ఇండెక్స్ (ఒకే విలువను రెండుసార్లు పడనివ్వనిది). రెండోసారి వస్తే రాయకుండా, మొదటిసారి ఇచ్చిన జవాబే తిరిగి ఇవ్వాలి. ఎర్రర్ ఇస్తే ఫోన్ అవుట్‌బాక్స్ అక్కడే ఇరుక్కుపోతుంది. యూయూఐడీ పుట్టించే బ్రౌజర్ ఫంక్షన్ హెచ్‌టీటీపీఎస్‌లో (లేదా లోకల్‌హోస్ట్‌లో) మాత్రమే పనిచేస్తుంది, లోకల్ ఐపీ మీద టెస్టు చేసేటప్పుడు అది కనబడదు.

దీంతోపాటే ఇంకో మార్పు: "స్టాకు 120" అని పంపకూడదు, "8 వెళ్ళాయి" అని పంపాలి. ఇద్దరు ఆఫ్‌లైన్‌లో ఉండి ఇద్దరూ 120 నుంచి తీసేస్తే, చివర పంపినవాడి లెక్క మొదటివాడిదాన్ని చెరిపేస్తుంది. తేడాలు పంపితే ఏ వరసలో చేరినా మొత్తం సరిపోతుంది. ఫోన్ గడియారాన్ని వరసకు వాడలేదు, సర్వర్ ఇచ్చే నంబరే వరస.

ఇండెక్స్‌డ్‌డీబీ ట్రాన్సాక్షన్ తెరిచి, మధ్యలో సర్వర్‌కు ఫెచ్ చేసి, జవాబు వచ్చాక రాయబోతే "ట్రాన్సాక్షన్ ఇనాక్టివ్" అని పడిపోతుంది. పెండింగ్ రిక్వెస్టులు లేకపోతే ట్రాన్సాక్షన్ తనంతట తానే ముగిసిపోతుంది, నెట్ కోసం ఆగదు. చదవడం ఒక ట్రాన్సాక్షన్, పంపడం బయట, గుర్తు పెట్టడం ఇంకో ట్రాన్సాక్షన్. అలాగే రెండు ట్యాబులు తెరిచి ఉండగా డేటాబేస్ వెర్షన్ పెంచితే కొత్తది ఎదురుచూస్తూ నిలిచిపోతుంది. పాత ట్యాబ్ వెర్షన్‌చేంజ్ ఈవెంట్ విని కనెక్షన్ మూసేయాలి.

నావిగేటర్ ఆన్‌లైన్ అనే విలువను నమ్మలేదు. సెల్లార్ గుమ్మం దగ్గర వైఫై రౌటర్ ఉంది. దాని వెనక ఇంటర్నెట్ పోయినా బ్రౌజర్ ఆన్‌లైన్ అనే చెబుతుంది. అసలు సర్వర్‌కే చిన్న రిక్వెస్టు, 4 సెకన్ల టైమౌట్. అది వస్తేనే అవుట్‌బాక్స్ కదులుతుంది. యాప్ తెరిచినప్పుడు, తెర ముందుకు వచ్చినప్పుడు, ప్రతి ఎంట్రీ తర్వాత ప్రయత్నిస్తుంది. స్క్రీన్ పైన "పంపాల్సినవి: 3" అని ఎప్పుడూ కనబడుతుంది. గోడౌన్‌వాళ్ళు ఆ సంఖ్య సున్నా అయ్యాకే ఫోన్ జేబులో పెట్టుకుంటున్నారు. ఏ బ్యాక్‌గ్రౌండ్ ఏపీఐ కన్నా ఇదే నమ్మకంగా పనిచేసింది.

ఐఫోన్‌లో ఒక పట్టింపు: సఫారీ ట్యాబ్‌లో, బ్రౌజర్ వాడిన ఏడు రోజుల్లో సైటును ముట్టుకోకపోతే స్క్రిప్టు రాసిన నిలవను తుడిచేస్తుంది. హోమ్ స్క్రీన్‌కు చేర్చిన యాప్‌కు ఈ నియమం లేదు. కాబట్టి ఐఫోన్లో చేర్చకుండా తెరిస్తే ఎంట్రీ ఫారం చూపించడం లేదు, చేర్చే పద్ధతి మాత్రమే చూపిస్తున్నాం.

సర్వీస్ వర్కర్ కొత్తది దిగినా, పాత ట్యాబులన్నీ మూసేదాకా పక్కన ఆగి ఉంటుంది. బలవంతంగా ముందుకు తోస్తే పాత పేజీకి కొత్త ఫైళ్ళు అంది సగం విరుగుతుంది. "కొత్త వెర్షన్ వచ్చింది" అని పట్టీ చూపించి, అవుట్‌బాక్స్ ఖాళీ అయ్యాకే బటన్ పనిచేసేలా పెట్టాం.

వారం 6: బిల్లు ప్రింటు

ఈ థర్మల్ ప్రింటర్‌లో తెలుగు అక్షరాలుండవు. బిల్లును బొమ్మగా పంపాలి. 203 డీపీఐ (ఇంచుకు 203 చుక్కలు) అంటే మిల్లీమీటరుకు 8 చుక్కలు. 80 మి.మీ. కాగితంలో ప్రింటయ్యే వెడల్పు 72 మి.మీ., అంటే 576 చుక్కలు, వరసకు 72 బైట్లు. 400 వరసల బిల్లు 50 మి.మీ. పొడవు, 28,800 బైట్లు. రాస్టర్ కమాండ్ (బొమ్మను ప్రింటు చేయమనే ఆదేశం) బైట్లు డెసిమల్‌లో ఇవి: 29, 118, 48, 0, తర్వాత వెడల్పు 72, 0, ఎత్తు 144, 1. ఎత్తు 400 కాబట్టి 256 ఒకటి, మిగిలింది 144. ఈ కమాండ్ సెట్ ఎప్సన్ సొంతం. కానీ దాన్ని బయటపెట్టారు, ఇతర ప్రింటర్లు చాలావరకు అదే పాటిస్తాయి. స్టాండర్డ్ కాకపోయినా దీని మీద ఆధారపడవచ్చని ఒప్పుకున్నాం. మారిస్తే ఒక్క ఫైలే మారుతుంది.

క్యాన్వాస్ (బ్రౌజర్‌లో బొమ్మ గీసే పలక) మీద గీసేముందు ఫాంటు దిగేదాకా ఆగాలి, లేకపోతే ఉదయం మొదటి బిల్లు వేరే ఫాంటుతో వస్తుంది. బూడిద రంగును (0 నలుపు, 255 తెలుపు) 128 దగ్గర కోస్తే సన్న గీతలు పోయి గుడి, గుడిదీర్ఘం తేడా తెలియట్లేదు. 170 దగ్గర కోసి, ఫాంటును మీడియం వెయిట్ చేశాక స్పష్టంగా వచ్చింది.

ఫోన్ నుంచి నేరుగా వెబ్ బ్లూటూత్‌తో పంపి చూశాం. మామూలు బీఎల్ఈ (తక్కువ కరెంటు బ్లూటూత్) ప్యాకెట్‌లో 20 బైట్లే పడతాయి. 28,800 బైట్లంటే 1,440 ప్యాకెట్లు. త్వరగా తోస్తే ప్రింటర్ బఫర్ నిండి మధ్యలో గీతలు పడతాయి. పైగా ఐఫోన్లో దారే లేదు. వదిలేశాం. బ్రౌజర్ ప్రింటర్ నెట్‌వర్క్ పోర్టుకు నేరుగా మాట్లాడలేదు, హెచ్‌టీటీపీఎస్ పేజీ నుంచి షాపులోని మామూలు హెచ్‌టీటీపీ చిరునామాకు పిలుపు కూడా సాధారణంగా పోదు. చివరికి ఫోన్ బిల్లును సర్వర్ క్యూలో పెడుతుంది, కౌంటర్ పీసీలో ఒక చిన్న ప్రోగ్రామ్ క్యూ చూసి ప్రింటర్‌కు పంపుతుంది. బిల్లు ఇచ్చేది ఎలాగూ కౌంటర్‌లోనే.

వారం 7–8: రెండు యాప్‌లూ పక్కపక్కన

రెండింట్లోనూ ఎంట్రీలు, రాత్రి స్టాకు తేడాల పట్టిక. తేడాలన్నీ దాదాపు యూనిట్ల దగ్గరే. ముప్పావు ఇంచీ ఎఫ్‌టీఏ (లోపల మరలున్న అడాప్టర్ ఫిట్టింగు) ఒక కంపెనీ పెట్టెకూ ఇంకో కంపెనీ పెట్టెకూ పీసులు వేరు. పాత స్క్రిప్టులో ఆ తేడా కంపెనీ పేరు బట్టి ఉంది, మొదటి వారం గ్రూపుకు ఒక ఐటమే పరీక్షించడం వల్ల తప్పింది. మళ్ళీ చేసేవాళ్ళు గ్రూపుకూ కంపెనీకీ కలిపి ఒక్కో ఐటమ్ పరీక్షించాలి.

పాత బిల్లులు: జీఎస్టీ లెక్కలు వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు భద్రపరచాలి. పాత రన్‌టైమ్ పోయాక కూడా చదవగలగాలి కాబట్టి అన్నిటినీ పీడీఎఫ్‌/ఏ (దీర్ఘకాల నిలవకు వాడే పీడీఎఫ్ రకం) ఫైళ్ళుగా తీశాం. పీడీఎఫ్ కూడా ఒకప్పుడు ఒక కంపెనీ సొత్తే, 2008లో ఐఎస్ఓ స్టాండర్డ్ అయింది.

చివరగా మన యాప్‌కే ఎగ్జిట్ టెస్టు. నెట్ లేని లాప్‌టాప్, రాత్రి ఎక్స్‌పోర్ట్, సోర్సు ఫోల్డర్. సీఎస్‌వీని ఎక్సెల్‌లో డబుల్ క్లిక్ చేస్తే తెలుగు మళ్ళీ పిచ్చిగీతలే. ఫైలు మొదట యూటీఎఫ్-8 గుర్తు మూడు బైట్లు (239, 187, 191) చేర్చాక సరిగ్గా తెరుచుకుంది. లెక్కల ఫోల్డర్ టెస్టులు ఏ ప్యాకేజీ దించకుండానే నడిచాయి. స్క్రీన్ల బిల్డ్ మాత్రం ఒక ప్యాకేజీ కోసం నెట్ అడిగి ఆగిపోయింది. దాన్ని సోర్సులోనే చేర్చి మళ్ళీ పరీక్షించాలి, పాత లైసెన్సు రద్దు ఆ తర్వాతే.